బడిలో నవ్వు వినపడాలంటే

ప్రశ్న: చీమకుర్తి దగ్గర హైస్కూలుకి ఈ ఏడాదే హెడ్మాస్టరుగా వచ్చాను. నేను వరండాలోకి రాగానే పిల్లలు, టీచర్లు గప్‌చుప్ అయిపోతున్నారు. క్రమశిక్షణ ఉంది, సంతోషం లేదు. ఏం చేయను?

జవాబు: మాస్టారూ, ఆ నిశ్శబ్దం చూసి మురిసిపోకుండా బాధపడ్డారు. నాకది చాలా నచ్చింది.

నేను కందుకూరు వైపు హెడ్మిస్ట్రెస్‌గా ఉన్నప్పుడు ఏడో తరగతి పిల్లాడొకడు రోజూ ఆలస్యంగా వచ్చేవాడు. రోజూ బయట నిలబెట్టేవాళ్లం. ఒకరోజు గేటు దగ్గర "తిన్నావా నాయనా?" అని అడిగాను. వాడి వేళ్లకింకా కొబ్బరినూనె ఉంది. అమ్మానాన్నలు తెల్లారకముందే పొగాకు ఆరబెట్టే బ్యారన్ పనికి వెళ్తే, చెల్లికి జడలు వేసి తీసుకొస్తున్నాడు. ఇన్నాళ్లూ మేం శిక్షించింది ఆ జడలకా అని నాకు ఏడుపొచ్చింది. ఆ రోజుతో బయట నిలబెట్టడం ఆపేశాం.

విద్యాహక్కు చట్టం 2009, 17వ సెక్షన్ ప్రకారం కొట్టడమే కాదు, మనసు నొప్పించి వేధించడం కూడా నిషేధమే. కాబట్టి ఉదయం గేటు దగ్గర నిలబడండి, పేరుపెట్టి పిలవండి.

టీచర్లని పిల్లల ముందు ఒక్కమాట అనకండి. టెన్షన్‌లో ఉన్న టీచరు ఆ టెన్షన్‌నే క్లాసుకి మోసుకెళ్తారు. స్టాఫ్ మీటింగులో అందరికన్నా జూనియర్‌ని ముందు మాట్లాడనివ్వండి, మీరు చివర్లో మాట్లాడండి.

ఇక బడి యాజమాన్య కమిటీ. అదే చట్టం ప్రకారం అందులో ముప్పావువంతు తల్లిదండ్రులే ఉండాలి, సభ్యుల్లో సగం ఆడవాళ్లు. మీ దగ్గర గ్రానైట్ క్వారీ పనులకి వెళ్లేవాళ్లు ఎక్కువ కదా, పగలు పిలిస్తే కూలి పోతుంది. సాయంత్రం ఆరింటికి పెట్టండి, వస్తారు.