ర్యామ్ కొనే ముందు ఒక్క గుణకారం చేయండి

"32 జీబీ ర్యామ్ ఉంది. ఎఫ్‌ఎమ్‌ఆర్‌ఐ (మెదడు పనితీరును చూపే స్కాన్) ఫైళ్లు డిస్కు మీద చిన్నగానే కనిపిస్తున్నాయి. అయినా నాలుగు ఫైళ్లు కలిపి నడిపితే ‘కిల్డ్’ అని ఆగిపోతోంది. 64కి పెంచాలా?" అని ఒకరు అడిగారు.

వద్దు. నేను పెంచాను. నెల తిరక్కుండా అదీ నిండిపోయింది.

డిస్కు మీద కనిపించే సైజును నమ్మకండి. జీజెడ్ ఫైలంటే అదిమి కట్టిన మూట. నేను పని చేసిన హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు డేటాలో ఒక రెస్టింగ్ స్కాన్ (మనిషి ఏ పనీ చేయకుండా పడుకున్నప్పుడు తీసేది) అంటే 91×109×91 వోక్సెల్స్ (స్కాన్‌లోని చిన్న ఘనాలు), 1200 వాల్యూములు (వరసగా తీసిన 3డీ చిత్రాలు). గుణిస్తే 108 కోట్ల అంకెలు. ఈ ఫైళ్లను చదివే పైథాన్ లైబ్రరీ నిబాబెల్‌లో గెట్ ఎఫ్‌డేటా అని పిలవగానే, మీరు అడక్కపోయినా ఒక్కోదాన్ని 8 బైట్ల ఫ్లోట్ 64గా మార్చేస్తుంది. అంటే 8.7 జీబీ. అలాంటివి నాలుగైతే 34.7. మీ 32 ఎలా సరిపోతుంది?

నా కథకొస్తే, తెల్లారితే గైడ్‌తో మీటింగ్. కొత్త 64 జీబీ ధీమాతో ఒకరి తర్వాత ఒకరుగా సబ్జెక్టుల (స్కాన్ తీయించుకున్న మనుషుల) డేటాను నడుపుతున్నా. ప్రతి సబ్జెక్టు అయ్యాక డేటాను వదిలించే డెల్ ఆదేశం రాశాను, అది చాలక, వాడని మెమరీని ఖాళీ చేసే గార్బేజ్ కలెక్టర్‌నీ పిలిచాను. పక్క విండోలో, కంప్యూటర్ వాడకాన్ని చూపే హెచ్‌టాప్ మెమరీ గీత మాత్రం ఒక్కో సబ్జెక్టుకీ ఒక్కో మెట్టు ఎక్కుతోంది, దిగదు. ఏడో సబ్జెక్టుకు సగటు తీసేసే లైను ఇంకో కాపీ చేయబోయింది, అంతే. ఎర్రర్ లేదు, లైను నంబరు లేదు, ‘కిల్డ్’ అన్న ఒక్క మాట. ఎగ్జిట్ కోడ్ 137, అంటే 128కి 9 కలిపితే వచ్చేది. ఆ 9 కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) పంపిన కిల్ సిగ్నల్. కెర్నల్ చిట్టా డీమెసేజ్‌లో చూస్తే ‘ఔట్ ఆఫ్ మెమరీ’ అని రాసుంది.

తప్పు నాదే. ఇమేజ్‌లన్నీ ముందే ఒక లిస్టులో పెట్టుకున్నాను. గెట్ ఎఫ్‌డేటా ఇచ్చిన అర్రేను ఇమేజ్ మళ్లీ అడిగితే ఇవ్వడానికని తన క్యాష్‌లోనూ పట్టుకుని కూర్చుంటుంది. నేను చెరిపింది నా వైపు పేరు మాత్రమే. అన్‌క్యాష్ అని ఒక్క పిలుపు చాలేది.

ట్యుటోరియల్స్ రాసేవాళ్ల మీద నాకు కోపం. ఒకే సబ్జెక్టు, అదీ చిన్న డెమో ఫైలు పెట్టుకుని అన్నీ సాఫీగా చూపిస్తారు. పైగా ‘ఎన్ జాబ్స్‌కి మైనస్ 1 పెట్టండి, స్పీడు వస్తుంది’ అంటారు. అంటే ఒకేసారి ఎన్ని పనులు నడవాలో చెప్పే ఆ సెట్టింగుతో ప్రాసెసర్‌లోని అన్ని కోర్లూ వాడమని. 16 కోర్లుంటే 16 స్కాన్లు ఒకేసారి ర్యామ్‌లోకి ఎక్కుతాయి. స్పీడు కాదు, టెన్షన్ వస్తుంది.

మీరు చేయాల్సింది, ముందు ఎన్ జాబ్స్ 1కి దించండి. జీజెడ్‌ని విప్పి మామూలు ఎన్‌ఐఐగా పెట్టుకోండి. అప్పుడు మెమరీ మ్యాపింగ్ (ఫైలు మొత్తం ఎక్కించకుండా కావాల్సిన ముక్కే చదవడం) పనిచేస్తుంది, గెట్ ఎఫ్‌డేటా బదులు డేటాఆబ్జ్‌ని వంద వాల్యూముల చొప్పున కోసి చదవొచ్చు. ప్రతి ముక్కకీ బ్రెయిన్ మాస్క్ (మెదడున్న చోటును మాత్రమే ఉంచే అచ్చు) వేసి 4 బైట్ల ఫ్లోట్ 32లో దాచుకోండి. 2 మిల్లీమీటర్ల మాస్క్‌లో మిగిలేది 9 లక్షల్లో సుమారు 2.3 లక్షల వోక్సెల్సే. పుర్రె బయటి గాలిని ర్యామ్‌లో మోయడం ఎందుకు? 8.7 జీబీ స్కాన్ 1.1కి దిగుతుంది. ఆ తర్వాత కావాలంటే జాబ్స్ ఒక్కొక్కటే పెంచుకోండి.

నేను కొన్న ర్యామ్‌లో సగం ఇప్పుడు బ్రౌజర్ ట్యాబులే వాడుకుంటున్నాయి.