ఇండోనేషియన్ భాషా సాహిత్య విద్యలో డిగ్రీ: బాండుంగ్‌లో చదివిన నా అనుభవం

మీ చెల్లెలికి ఇంటర్ అయిపోయిందని, నాన్నగారి ఉద్యోగం వల్ల మీరంతా ఇండోనేషియాలోని పశ్చిమ జావాలోనే ఉంటున్నారని, తను పీబీఎస్ఐ డిగ్రీలో చేరతానని పట్టుబడుతోందని రాశారు. "ఇండోనేషియన్ తేలిక భాషే కదా, దానికి నాలుగేళ్లు ఎందుకు? చదివాక ఏం ఉద్యోగం వస్తుంది?" అన్నది మీ ప్రశ్న. నేను అక్కడి బాండుంగ్ నగరంలో ఇదే డిగ్రీ చేశాను. మాది శ్రీకాకుళం. నాన్న పశ్చిమ జావాలోనే పుర్వకర్త అనే ఊళ్లో నూలు మిల్లులో పనిచేసేవారు. పదో తరగతి తర్వాత అమ్మా, నేనూ అక్కడికి వెళ్లాం.

ముందు పేరు సంగతి చెబుతాను, ఎందుకంటే చాలామంది ఇక్కడే పొరబడతారు. పీబీఎస్ఐ అంటే "పెండిడికన్ బహాసా దాన్ సాస్త్రా ఇండోనేసియా", ఇండోనేషియన్ భాషా సాహిత్య విద్య. ఇందులో అసలు మాట మొదటిదే, పెండిడికన్, అంటే విద్య. ఇది టీచర్లను తయారుచేసే కోర్సు. భాష నేర్పించే కోర్సు కాదు, చేరేసరికే భాష వచ్చి ఉండాలి. నాకు బజారు భాష తప్ప రాదు కాబట్టి, విదేశీయుల కోసం ఉండే బీపా కోర్సు ఏడాది చేసి అప్పుడు చేరాను. కథలూ కవిత్వమూ మాత్రమే ఇష్టమైతే "సాస్త్రా ఇండోనేసియా" అని విడిగా ఇంకో డిగ్రీ ఉంది. ఏది కావాలో మీ చెల్లెలినే అడగండి.

ఇక తేలిక భాష అన్న మాట. మూడు నెలల్లో కూరగాయలు బేరమాడడం వస్తుంది, నిజమే. కాలాన్ని బట్టి, లింగాన్ని బట్టి క్రియ మారదు. కష్టమంతా ఉపసర్గల్లో ఉంది. "తులిస్"కి "మె" చేరితే "మెనులిస్", రాయడం. "సాపు"కి చేరితే "మెన్యాపు", ఊడవడం. ప, త, క, స లతో మొదలయ్యే మాటలు ఆ మొదటి హల్లును మింగేస్తాయి. చిన్నప్పుడు గసడదవాదేశం బట్టీ పట్టినవాళ్లం కాబట్టి మనకిది వింతగా ఉండదు. కానీ మాట్లాడేటప్పుడు అలవాటు కావడం వేరు, ఎందుకలా అవుతుందో పదమూడేళ్ల పిల్లాడికి చెప్పడం వేరు.

రెండో సెమిస్టర్‌లో ఒక వ్యాసంలో "మార్చడం" అని రాయడానికి "మెరుబహ్" అని రాశాను. వీధిలో అందరూ అలాగే అంటారు. మూలపదం "ఉబహ్" కాబట్టి సరైన రూపం "మెంగుబహ్". మా బు దోసెన్, అంటే లెక్చరర్ మేడమ్, ఆ మాట కొట్టేయలేదు. పక్కనే మార్జిన్‌లో ఎర్ర పెన్నుతో చిన్న గుంటనక్క బొమ్మ గీసి ఇచ్చారు. "రుబహ్" అంటే గుంటనక్క. మెరుబహ్ అంటే నక్కగా మారిపోవడమన్నమాట! ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది. ఆ తర్వాత ఎవరికి పాఠం చెప్పినా, నక్క బొమ్మలాంటిది ఏం దొరుకుతుందా అనే వెతుకుతాను.

తెలుగువాళ్లకి ఇంకో ఇబ్బంది ఉంది. సంస్కృతం మాటలు అడుగడుగునా కనిపిస్తాయి కాబట్టి అన్నీ తెలిసినట్టే అనిపిస్తుంది. కానీ అక్కడ "కత" అంటే మాట, "చింతా" అంటే ప్రేమ, "దేసా" అంటే పల్లెటూరు, "నెగరా" అంటే దేశం! "సాస్త్రా" అంటే శాస్త్రం కాదు, సాహిత్యం. మొదటి ఏడాది నేను అర్థం ఊహించుకుని ముందుకెళ్లిపోయిన చోటల్లా దెబ్బతిన్నాను. తెలిసిన మాట కనిపించినా నిఘంటువు, అంటే కేబీబీఐ, తెరిచి చూసే అలవాటు అప్పుడే పడింది.

సిలబస్ గురించి ఎక్కువ చెప్పను. ఎనిమిది సెమిస్టర్లు, కనీసం 144 క్రెడిట్లు. ధ్వని, పద, వాక్య నిర్మాణాలు, సాహిత్య చరిత్ర, నాటకం, కవితలకు బాణీ కట్టడం, పాఠ ప్రణాళిక, మూల్యాంకనం. లైబ్రరీలో పాత పుస్తకాలు తీస్తే స్పెల్లింగులు వేరుగా ఉంటాయి, 1972లో వాటిని మార్చారు. మతం కూడా ఒక సబ్జెక్టే. నేను బాలీ పిల్లలతో కలిసి హిందూ మతం క్లాసులో కూర్చునేదాన్ని. నమస్కారం బదులు "ఓం స్వస్త్యస్తు" అంటే మొదటిరోజు ఒళ్లు పులకరించింది.

నన్ను నిజంగా మార్చింది బడిలో చేసిన టీచింగ్ ప్రాక్టీస్. బాండుంగ్ శివార్లలో ఒక హైస్కూలు, ఏడో తరగతి. పాఠం "పంతున్". నాలుగు పాదాల పద్యం, ఒకటీ మూడూ, రెండూ నాలుగూ పాదాలకు అంత్యప్రాస. మొదటి రెండు పాదాలు ఏదో చెట్టు గురించో చేప గురించో ఉంటాయి, వాటిని సాంపిరన్ అంటారు. అసలు విషయం చివరి రెంటిలో వస్తుంది. ఇదంతా బోర్డు మీద చక్కగా రాశాను. ముప్పైమందికి పైగా పిల్లలు, ఒక్కరూ నోరు తెరవరు. టెన్షన్‌తో నా చేతిలో మార్కర్ జారిపోతోంది.

ఆ పిల్లలు ఇంట్లో మాట్లాడేది సుండా భాష. ఏమనుకున్నానో ఏమో, "మీ నినీ ఇలాంటివి ఏమైనా చెప్తుందా?" అని అడిగాను. నినీ అంటే సుండాలో అమ్మమ్మ, నానమ్మ. వెనక బెంచీలోంచి ఒక అబ్బాయి తల దించుకునే ఒక సిసిందిరన్ చెప్పాడు. పంతున్ లాంటివే సుండావాళ్ల ప్రాస పద్యాలు అవి. క్లాసంతా గొల్లున నవ్వింది, ఇంకో అమ్మాయి బదులు పద్యం అందుకుంది. పది నిమిషాలు సుండాలోనే నడిచింది. తర్వాత "ఇందులో సాంపిరన్ ఏది?" అంటే అందరికీ తెలిసిపోయింది. పీరియడ్ అయ్యేసరికి ఒక్కొక్కరూ ఇండోనేషియన్‌లో సొంత పంతున్ రాసి చూపించారు.

ఆ రోజు నాకు మా జిల్లాలో పుట్టిన గిడుగు రామమూర్తి గారు గుర్తొచ్చారు. ఆయన సవర పిల్లలకు సవర భాషలోనే చదువు చెప్పాలని ఆ భాష నేర్చుకుని వాచకాలు రాశారు. చిన్నప్పుడు ఆగస్టు 29న బడిలో ఉపన్యాసాల్లో విన్నది, దాని అర్థం నాకు జావాలో తెలిసింది. ఇండోనేషియాలో ఏడు వందలకు పైగా భాషలున్నాయి. 1928లో యువకులంతా కలిసి ఐక్యతా భాషగా ప్రమాణం చేసింది ఎక్కువమంది మాట్లాడే జావా భాష మీద కాదు, మలయ్ నుంచి వచ్చిన ఇండోనేషియన్ మీద. అందుకే ఈ డిగ్రీ చదివినవాళ్లు చాలాచోట్ల ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలకే పాఠం చెప్పాలి.

కష్టం కూడా చెప్పాలి. చివర్లో స్క్రిప్సీ, అంటే థీసిస్, ఉంటుంది. ఎనిమిదో తరగతి పిల్లల వ్యాసాల్లో ఉపసర్గల తప్పుల మీద రాశాను. మా గైడు రెండు నెలలు ఊళ్లో లేకపోవడంతో ఒక సెమిస్టర్ పోయింది. గైడు ఒప్పుకుంటే అక్కడ పిల్లలు "ఆచేచే అయ్యింది" అంటారు. ఆ మాట కోసం ప్రింటు కాగితాలు పట్టుకుని గది బయట ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో! ఇంట్లోవాళ్లు నాలుగేళ్లకు ఇంకో ఆరు నెలలు కలిపి లెక్కేసుకోవడం మంచిది.

ఉద్యోగం విషయంలో మొహమాటం లేకుండా చెబుతాను. భారతీయ పాస్‌పోర్టుతో అక్కడ ప్రభుత్వ టీచర్ కాలేరు, అది వాళ్ల పౌరులకే. నా క్లాస్‌మేట్లకు కూడా డిగ్రీ తర్వాత పీపీజీ అనే వృత్తి శిక్షణ చేయాల్సి వచ్చింది. ఆలోపు కొందరు తాత్కాలిక టీచర్లుగా నెలకు మూడు నాలుగు లక్షల రుపియాలకు పనిచేశారు. మన డబ్బులో అది సుమారు రెండు వేలు. అంత బాగా చదువు చెప్పేవాళ్లకు ఆ జీతమేమిటని నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. విదేశీయులకు ఉన్న మంచి దారి బీపా బోధన, తర్వాత అనువాదం, కంపెనీల్లో శిక్షణ. 2023లో యునెస్కో సర్వసభ్య సమావేశపు అధికార భాషల్లో ఇండోనేషియన్‌ని కూడా చేర్చారు. మన దగ్గర ఢిల్లీలో రక్షణ శాఖ విదేశీ భాషల పాఠశాలలో ఈ భాష నేర్పుతారు. మన తెలుగు రాష్ట్రాల్లో మాత్రం అవకాశాలు తక్కువ. నేను సాయంత్రాలు ఆన్‌లైన్‌లో, జావాకు బదిలీ అయి వెళ్లే భారతీయ కుటుంబాలకు పాఠాలు చెబుతున్నాను. దానితో నా ఖర్చులు గడుస్తాయి, పెద్ద జీతం కాదు.

మీ చెల్లెలిని చేర్పించే ముందు ఒక పని చేయండి. పక్కింటి పిల్లల్లో ఒకరిని కూర్చోబెట్టి, "మె" ఎప్పుడు "మెన్" అవుతుందో మీ చెల్లెలితో అరగంట చెప్పించండి. ఆ పిల్లకి అర్థం కాకపోతే మీ చెల్లెలు విసుక్కుంటోందా, ఇంకో ఉదాహరణ వెతుకుతోందా అన్నది చూడండి. వెతుకుతుంటే అక్టోబర్‌లో తీసుకెళ్లి ఏదైనా క్యాంపస్ చూపించండి. అది వాళ్ల భాషా మాసం, విద్యార్థుల కవితా పఠనాలూ నాటకాలూ జరుగుతుంటాయి. చివరి సెమిస్టర్ వాళ్లెవరైనా కనిపిస్తే స్క్రిప్సీ ఎంతవరకు వచ్చిందని మీ చెల్లెలినే అడగమనండి.