టెక్ సందేహాలు: అమ్మ మాట అలెక్సాకి అర్థం కావాలంటే

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచే. హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉద్యోగాలు చేస్తున్న పిల్లలు పండక్కి ఊరొచ్చి, అమ్మానాన్నల కోసం స్మార్ట్ స్పీకర్, అంటే అమెజాన్ ఎకో లాంటి, మాటతో పనిచేసే స్పీకర్ పెట్టి వెళ్తున్నారు. ఎకోలో మన మాట విని జవాబిచ్చే సహాయకురాలి పేరే అలెక్సా. వాళ్లు బస్సెక్కాక ఇబ్బందులు బయటపడుతున్నాయి. అందుకే ఇవాళ సందేహాలన్నీ వాటి గురించే.

ప్రశ్న: ఇంట్లో ఎకో డాట్ స్పీకర్, స్మార్ట్ బల్బులు పెట్టాను. నేను చెబితే లైట్లు వెంటనే వెలుగుతాయి. అమ్మ చెబితే మాత్రం ‘సారీ’ అంటుంది. అమ్మ విసుగొచ్చి దాన్ని పిలవడమే మానేసింది. ఆవిడకి ఎలా నేర్పించాలి? – ఆమదాలవలస నుంచి ఒక పాఠకురాలు

ఆవిడకి ఏమీ నేర్పించొద్దు. జీవితమంతా మాట్లాడిన తీరుని ఒక పరికరం కోసం మార్చుకోమనడం న్యాయం కాదు. మారాల్సింది యాప్‌లోని సెట్టింగులు. మన దేశంలో అలెక్సాతో ఇంగ్లిష్‌లో, హిందీలో మాట్లాడొచ్చు. తెలుగు లేదు. మీ అమ్మగారు ‘లైటెయ్యి’ అంటే, అది ఆ శబ్దంలో ఇంగ్లిష్ మాట కోసం వెతుక్కుంటుంది. దొరక్కపోతే ‘సారీ’ అంటుంది.

ముందు దానికి ఏం వినిపిస్తోందో తెలుసుకోండి. అలెక్సా యాప్‌లో ‘మోర్’ నొక్కి, ‘అలెక్సా ప్రైవసీ’లో ‘రివ్యూ వాయిస్ హిస్టరీ’ తెరవండి. స్పీకర్‌తో ఇంట్లోవాళ్లు అన్న మాటలన్నీ తేదీల వారీగా అక్కడ రాసి ఉంటాయి. అమ్మగారు పిలిచిన సమయానికి అక్కడ ఏమీ లేకపోతే, ఆవిడ ‘అలెక్సా’ అన్నట్టు స్పీకర్ గుర్తించలేదన్నమాట. మాట ఉండి అది తప్పుగా రాసి ఉంటే, పిలుపు అందింది కానీ పని అర్థం కాలేదు. ఈ రెండింటికీ మందు వేరు.

పిలుపే అందకపోతే స్పీకర్ ఎక్కడుందో చూడండి. ఫ్యాన్ గాలి నేరుగా తగిలే చోట, టీవీ పక్కన, గోడ మూలన ఉంటే దాని మైకులకి మనిషి గొంతు సరిగ్గా అందదు. గోడకి కనీసం 20 సెంటీమీటర్ల దూరం ఉంచి, అమ్మగారు రోజూ కూర్చునే వైపు జరపండి. అప్పటికీ పలకకపోతే పేరు మార్చండి. స్పీకర్ సెట్టింగుల్లో ‘వేక్ వర్డ్’ దగ్గర ‘ఎకో’, ‘కంప్యూటర్’ లాంటివి ఉంటాయి. ‘ఎకో’ చిన్న మాట, ఎవరికైనా నోరు తిరుగుతుంది. ఇంట్లో అలేఖ్య లాంటి పేరున్న పిల్లలుంటే పేరు మార్చడం మరీ అవసరం. లేకపోతే పాపని పిలిచినప్పుడల్లా స్పీకర్ పలికే ప్రమాదం ఉంది.

పిలుపు అంది, పని అర్థం కాకపోతే ‘రొటీన్స్’ వాడండి. నాకు ఈ స్పీకర్లలో అన్నిటికంటే నచ్చిన సదుపాయం ఇదే. కొత్త రొటీన్‌లో ‘వాయిస్’ ఎంచుకుంటే ఏ మాటకి పని చేయాలో టైప్ చేయమంటుంది. హిస్టరీలో అది ‘లైటెయ్యి’ని ‘లైట్ ఏ’ అనో మరోలానో రాసుకుని ఉంటుంది కదా, సరిగ్గా ఆ తప్పునే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేయండి. చేయాల్సిన పనిగా హాల్లో లైటు వెలిగించడం పెట్టండి. అమ్మగారు తన మాటే అంటారు, స్పీకర్ తనకి వినిపించినదే వింటుంది, లైటు మాత్రం వెలుగుతుంది. ఒకే మాటని అది ఒక్కోసారి ఒక్కోలా రాసుకోవచ్చు. ఒక రొటీన్‌కి ఒకటికంటే ఎక్కువ మాటలు చేర్చొచ్చు కాబట్టి, హిస్టరీలో కనిపించిన రూపాలన్నీ చేర్చేయండి. ఆర్పడానికి ఇంకో రొటీన్. కొన్ని రోజుల తర్వాత హిస్టరీ మళ్లీ చూసి, కొత్తగా తప్పినవి కూడా కలపండి. ఇదంతా మీ ఫోన్‌లో అదే ఖాతా ఉంటే హైదరాబాద్ నుంచే చేయొచ్చు.

ఇంకో రెండు పనులు. స్పీకర్ భాష ‘ఇంగ్లిష్ – ఇండియా’ అని ఉందో లేదో చూడండి. అమెరికా ఇంగ్లిష్ మీద ఉంటే మన ఉచ్చారణ దానికి ఇంకా కష్టం. హాల్లో స్పీకర్‌నీ, హాల్లో బల్బుల్నీ యాప్‌లో ఒకే గ్రూపులో పెట్టండి. అప్పుడు ఏ గదో చెప్పకుండా ‘లైట్ ఆన్’ అంటే చాలు, ఆ గదిలోవే వెలుగుతాయి.

ప్రశ్న: రాత్రి కరెంటు పోయి వస్తే స్మార్ట్ బల్బులన్నీ ఒకేసారి వెలిగి అందరినీ నిద్ర లేపుతున్నాయి. స్పీకర్ ఏమో నెట్ లేదంటుంది. ప్రతిసారీ రీసెట్ చేయాల్సి వస్తోంది. – పలాస నుంచి ఒక పాఠకుడు

రీసెట్ అస్సలు చేయకండి. అలా చేస్తే స్పీకర్‌ని మళ్లీ మొదటి నుంచి సెటప్ చేయాలి. కరెంటు వచ్చాక రౌటర్ పూర్తిగా లేవడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. స్పీకర్ అంతకంటే ముందే లేచి నెట్ కోసం చూసుకుంటుంది. కాసేపు ఆగితే దానంతటదే కలుస్తుంది. చాలాసేపటికీ కలవకపోతే ముందు రౌటర్‌ని ఆపి, మళ్లీ ఆన్ చేయండి, దాని లైట్లు నిలకడగా వెలిగాక స్పీకర్ ప్లగ్ తీసి పెట్టండి.

బల్బుల సంగతి వాటి కంపెనీ యాప్‌లో తేలుతుంది, అలెక్సా యాప్‌లో కాదు. చాలా బల్బులకి ‘పవర్ ఆన్ బిహేవియర్’ లాంటి పేరుతో ఒక సెట్టింగ్ ఉంటుంది. దాన్ని కరెంటు పోకముందు ఎలా ఉందో అలాగే ఉండేలా మార్చుకోండి.

మీది 2018లో తిత్లీ తుపాను చూసిన ఊరు కాబట్టి ఇంకో మాట. రౌటర్‌కి చిన్న యూపీఎస్ కొనుక్కోండి. కొనేముందు రౌటర్ అడాప్టర్ మీద ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంపియర్లు రాసి ఉందో చూసి దానికి సరిపోయేదే తీసుకోండి. ఫైబర్ బాక్సు వేరుగా ఉంటే దానికీ కావాలి. అయితే బయట లైనే తెగితే యూపీఎస్ ఏమీ చేయలేదు. మనం అన్న మాటని అర్థం చేసుకునే పని ప్రధానంగా కంపెనీ సర్వర్లలో జరుగుతుంది, నెట్ లేకపోతే స్పీకర్‌ని నమ్ముకోలేం. ముందే పెట్టిన అలారం మాత్రం మోగుతుంది. కాబట్టి బాత్రూమ్‌కి వెళ్లే దారిలో లైటుని పూర్తిగా స్పీకర్ మీద వదలొద్దు. అక్కడ మామూలు స్విచ్చు, మామూలు బల్బు ఉండనివ్వండి.

ప్రశ్న: నాన్నకి పి. సుశీల పాటలంటే ప్రాణం. అడిగితే ఒక్కోసారి హిందీ పాటలు, ఒక్కోసారి ఎవరో కొత్తవాళ్లు పాడినవి వస్తున్నాయి. – విజయనగరం నుంచి ఒక పాఠకుడు

సుశీలమ్మ పుట్టిన ఊళ్లోనే ఆమె పాట దొరకకపోతే ఎలా! సెట్టింగుల్లో మ్యూజిక్ విభాగంలోకి వెళ్లి, డిఫాల్ట్ సర్వీసుగా ఏముందో చూడండి. మీరు డబ్బు కట్టేది ఒకటి, స్పీకర్ వెతికేది ఇంకొకటి అయితే ఇలాగే అవుతుంది. ఆ తర్వాత, తెలుగు పాట పేరు చెప్పి అడిగే పద్ధతి మానేయండి. మ్యూజిక్ యాప్‌లో నాన్నగారికి నచ్చిన పాటలన్నీ ఒక ప్లేలిస్టుగా చేసి, దానికి ‘డాడీ’ లాంటి సులువైన పేరు పెట్టండి. ‘ప్లే మై డాడీ ప్లేలిస్ట్’ అంటే తడబడే అవకాశం తక్కువ. అదీ కుదరకపోతే ఫోన్‌ని బ్లూటూత్‌తో కలిపి, పాటలు ఫోన్‌లోంచే పెట్టండి.

ప్రశ్న: గోడ మీద స్మార్ట్ బల్బు ‘రెస్పాండ్ కావడం లేదు’ అని తరచూ అంటోంది. – బొబ్బిలి నుంచి ఒక పాఠకురాలు

గోడ స్విచ్చు ఎవరో ఆపుతూ ఉండొచ్చు. గది దాటేటప్పుడు స్విచ్చు కట్టేయడం మనిళ్లలో మంచి అలవాటు, దాన్ని మాన్పించకండి. బల్బు బదులు, స్విచ్ బోర్డు లోపల స్మార్ట్ మాడ్యూల్ (మామూలు స్విచ్చుని వైఫైతో కలిపే చిన్న పరికరం) పెట్టించుకుంటే చేత్తోనూ వేయొచ్చు, మాటతోనూ వేయొచ్చు. చాలా మాడ్యూళ్లకి న్యూట్రల్ వైరు కావాలి, మీ బోర్డులో ఉందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించి కొనండి. స్విచ్చు వేసే ఉన్నా ఇదే గోల అయితే వైఫై చూసుకోండి. ఎక్కువ స్మార్ట్ బల్బులు 2.4 గిగాహెర్ట్‌జ్ వైఫైనే అందుకుంటాయి, 5 గిగాహెర్ట్‌జ్‌ని కాదు.

ప్రశ్న: నాన్నకి గుండె ఆపరేషన్ అయింది. ఫోన్ ఎత్తరు, మాకు ఒకటే టెన్షన్. స్పీకర్‌లోంచి నేరుగా మాట్లాడొచ్చా? – నరసన్నపేట నుంచి ఒక పాఠకుడు

మాట్లాడొచ్చు. అలెక్సాలో ‘డ్రాప్ ఇన్’ అనే సదుపాయం ఉంది. అవతల ఎవరూ ఎత్తక్కర్లేకుండానే లైను కలుస్తుంది, స్పీకర్ మీద ఆకుపచ్చ లైటు తిరుగుతుంది. అంటే ఇంట్లో మాటలు మీకు వినిపిస్తాయి. అందుకే నాన్నగారికి, అమ్మగారికి ముందే చెప్పి, వాళ్లు సరేనంటేనే పెట్టండి. ఆకుపచ్చ లైటు అంటే మీరు లైన్లో ఉన్నట్టని చూపించండి. మైకు బటన్ నొక్కితే ఎర్ర లైటు వెలిగి స్పీకర్ వినడం ఆగిపోతుందని కూడా చెప్పండి. ఆ బటన్ వాళ్లకి తెలిసి ఉండటం వాళ్ల హక్కు.

ఒక్క విషయంలో మాత్రం దీన్ని నమ్మకండి. ఈ స్పీకర్ 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయదు. నాన్నగారి మంచం పక్కన బటన్ల ఫోన్ ఒకటి ఛార్జింగ్‌తో ఉంచి, స్పీడ్ డయల్‌లో 108, పక్కింటివాళ్ల నంబరు, మీ నంబరు పెట్టి, ఒకసారి ఆయన చేతే నొక్కించి చూడండి.