మీ నాన్నగారు అబద్ధం చెప్పడం లేదు, కానీ కాలు బ్రేకు మీద ఉండకపోవచ్చు

కావలి నుంచి అడిగిన తమ్ముడికి,

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. ముప్పై ఏళ్లు గేర్ల కారు నడిపిన మీ నాన్నగారు, వారం కింద కొన్న ఎలక్ట్రిక్ కారుని గేటు ముందు తిప్పుతుంటే అది ఒక్కసారిగా దూకి ప్రహరీని గుద్దింది. ఆయనేమో బ్రేకే నొక్కానంటున్నారు. ఇంట్లో ఎవరూ నమ్మడం లేదు, ఆయన సరిగ్గా అన్నం కూడా తినడం లేదు. లోపం కారుదా, లేక ఆయన వయసుదా అని అడిగారు.

రెండూ కాకపోవచ్చు. ఇదే నాకూ జరిగింది.

మాది ఒంగోలు. చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో పనిచేస్తూ 22 ఏళ్లు జీపు నడిపాను. ఆ తర్వాత కొన్న కారూ గేర్లదే. రెండేళ్ల కింద మా మేనల్లుడి ఎలక్ట్రిక్ కారు తీసుకుని నెల్లూరు బయల్దేరాను. టంగుటూరు టోల్‌గేటు దాటేసరికే బండి నాకు బాగా నచ్చింది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీస్తే చాలు, దానంతటదే నెమ్మదిస్తోంది. దాన్ని రీజెన్ అంటారు, మోటారే జనరేటర్‌లా మారి బ్యాటరీకి కరెంటు పంపిస్తూ బండిని పట్టి ఆపుతుంది. నెల్లూరు చేరేలోపు బ్రేకు తొక్కింది ఐదారుసార్లకు మించదు. అంటే రెండు గంటల పాటు నా కుడికాలు ఒకే పెడల్ మీద ఉంది. అప్పుడు నాకది సుఖంగానే అనిపించింది.

మాగుంట లేఔట్‌లో మా అక్క వాళ్ల అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో స్తంభానికీ గోడకీ మధ్య బండి పెట్టాలి. గేర్ల కారైతే సగం క్లచ్ మీద మెల్లగా పాకించేవాణ్ణి. ఈ బండి కాలు తీస్తే అక్కడికక్కడే ఆగిపోతోంది. అందుకని యాక్సిలరేటర్‌ని కొంచెం కొంచెం తాకిస్తూ ముందుకి జరుపుతున్నాను. ఇంతలో స్తంభం వెనక నుంచి సైకిల్ మీద ఒక పిల్లాడు వచ్చాడు. ఉలిక్కిపడి బ్రేకు నొక్కాను. బండి దూకింది. ఇంకా గట్టిగా నొక్కాను, ఇంకా దూకింది. రెండు బైకుల్ని పడేసి గోడకి ఆనుకున్నాక గానీ ఆగలేదు. పిల్లాడికి మూరెడు దూరంలో పోయింది. ఆ మూరెడు దూరం నాకు ఇప్పటికీ నిద్రలో కనబడుతుంది.

వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి “ఏంది సార్, ఇట్టా వచ్చేశారు!” అన్నాడు. బ్రేకు పనిచేయలేదు అన్నాను. ఆ సాయంత్రమంతా అందరికీ అదే చెప్పాను, అదే నమ్మాను. నా అరికాలికి ఆ బ్రేకు తగిలినట్టే జ్ఞాపకం.

రాత్రి మేనల్లుడు సెల్లార్ సీసీ కెమెరా వీడియో తెచ్చాడు. “మామా, వెనక లైట్లు చూడు” అన్నాడు. బండి దూకినప్పటి నుంచి గోడకి తగిలేదాకా బ్రేకు లైట్లు వెలగనే లేదు. నాలుగుసార్లు చూశాను. అప్పుడే ఒప్పుకున్నాను.

ఇది ఎందుకు జరుగుతుందో తర్వాత చాలా రోజులు ఆలోచించాను, చదివాను. మనం పాదాన్ని కంటితో చూసి పెట్టం, అలవాటుతో పెడతాం. కాలు ఏ పెడల్ మీద ఉందని మనసు అనుకుంటే మనకి అదే తోస్తుంది. పైగా బండి దూకగానే మనసు “బ్రేకు చాలడం లేదు, ఇంకా నొక్కు” అంటుంది. నొక్కుతున్నది యాక్సిలరేటర్ అనే అనుమానమే రాదు.

గేర్ల బండిలో కూడా ఈ పొరపాటు జరుగుతుంది, కానీ అక్కడ మనల్ని క్లచ్ కాపాడుతుంది. బండి ఆపాలంటే రెండు కాళ్లూ కలిసి దిగుతాయి కదా. కుడికాలు తప్పు పెడల్ మీద పడ్డా, ఎడమకాలు క్లచ్ తొక్కి ఉంటుంది కాబట్టి చక్రాలకి బలం అందదు. ఇంజన్ మాత్రం గర్జిస్తుంది, ఆ చప్పుడుకే మనం కాలు తీసేస్తాం. అలా తీసేసి మర్చిపోయిన సందర్భాలు మీ నాన్నగారి ముప్పై ఏళ్లలోనూ ఉండే ఉంటాయి. ఎలక్ట్రిక్ బండిలో క్లచ్ లేదు, గర్జన లేదు. మోటారు నిలబడ్డ చోటి నుంచే దాదాపు పూర్తి బలం ఇస్తుంది. పొరపాటు పాతదే, దాన్ని ఆపే అడ్డు మాత్రం పోయింది. అందుకే వయసు మీద నింద వేయకండి అంటున్నాను. నిజమే, వయసు పెరిగితే తేరుకోవడం నెమ్మదిస్తుంది. కానీ కుర్రవాళ్లకీ ఇది జరుగుతుంది.

బయటి దేశాల్లో దీని మీద పెద్ద విచారణలే జరిగాయి. 1980ల్లో అమెరికాలో క్లచ్ లేని ఆటోమేటిక్ కార్లు వాటంతటవే దూకుతున్నాయని గోల లేస్తే, అక్కడి రహదారి భద్రతా సంస్థ 1989లో నివేదిక ఇచ్చింది. యాంత్రిక లోపం కనబడని చోట్ల కారణం తప్పు పెడల్ నొక్కడమే అయ్యుండాలని తేల్చింది. టెస్లా కార్ల మీద వచ్చిన 246 ఫిర్యాదులు పరిశీలించి 2021 జనవరిలోనూ అదే సంస్థ అదే మాట చెప్పింది. జపాన్‌లో 2019 ఏప్రిల్‌లో 87 ఏళ్ల పెద్దాయన నడిపిన కారు టోక్యోలోని ఇకెబుకురోలో ఒక తల్లినీ ఆమె మూడేళ్ల కూతుర్నీ బలి తీసుకుంది. ఆయన కూడా కోర్టులో బ్రేకే నొక్కానన్నాడు. 2021లో కోర్టు ఐదేళ్ల శిక్ష వేసింది. తప్పు పెడల్ నొక్కితే బండిని దూకనివ్వని పరికరం 2028 సెప్టెంబరు నుంచి కొత్త ఆటోమేటిక్ కార్లలో ఉండాలని అక్కడ నిబంధన తెచ్చారు. మనిషిని తిట్టి ఊరుకోకుండా బండినే మార్చాలనుకున్నారు, నాకది చాలా నచ్చింది.

అయినా కారుని పరీక్షించకుండా వదలకండి. 2009, 2010ల్లో టొయోటా లక్షల కార్లు వెనక్కి పిలిపించింది. ఫ్లోర్ మ్యాట్ జరిగి పెడల్‌ని పట్టేయడం, పెడల్ బిగుసుకుపోవడం అక్కడ నిజంగా ఉన్న లోపాలు. మీ నాన్నగారి వైపు మ్యాట్ మీద ఇంకో మ్యాట్ ఉందా, సీటు కింద నుంచి నీళ్ల సీసా దొర్లి వచ్చిందా, కాళ్లకి హవాయి చెప్పులున్నాయా, ముందు ఇవి చూడండి. కారులో నమోదైన ఆ సమయం నాటి రికార్డు ఏమైనా ఉంటే షోరూం వాళ్లని చూపించమని రాతపూర్వకంగా అడగండి. ఎదురింటి సీసీ కెమెరా వీడియో చెరిగిపోకముందే తీసుకోండి. ఒక్క జాగ్రత్త: చాలా ఈవీల్లో (ఎలక్ట్రిక్ బండ్లలో) రీజెన్ గట్టిగా పనిచేసినా బ్రేకు లైట్లు వెలుగుతాయి. కాబట్టి బండి దూకిన ఆ క్షణంలో వెలిగాయా లేదా అన్నదే చూడాలి.

ఆయన మళ్లీ నడపాలి. భయంతో మానేస్తే ఆ భయం అలాగే ఉండిపోతుంది. నేను వారం తర్వాత తెల్లవారి ఆరింటికి ఒంగోలు బయట ఖాళీగా ఉన్న వెంచర్ రోడ్ల మీదికి వెళ్లాను, పక్కన మేనల్లుడు. బండి మెల్లగా ఊపందుకునే ఎకో మోడ్ పెట్టి, రీజెన్ బాగా తగ్గించాం. అప్పుడు ఆపాలంటే బ్రేకు తొక్కక తప్పదు, కాలికి బ్రేకు చోటు మళ్లీ గుర్తొస్తుంది. మడమని బ్రేకుకి ఎదురుగా నేల మీద ఆనించి, మునివేళ్లు మాత్రం కుడికి తిప్పి యాక్సిలరేటర్ తాకడం నేర్చుకున్నాను. ఎడమకాలు పక్కనున్న ఫుట్‌రెస్ట్ మీదే ఉండాలి, దాంతో బ్రేకు తొక్కకూడదు. క్లచ్ అలవాటున్న కాలు బ్రేకుని నేలకంటా తొక్కేస్తుంది.

అన్నిటికన్నా ఎక్కువ సాధన చేసింది ఒక్కటే. మేనల్లుడు ఉన్నట్టుండి “ఎత్తు!” అని అరిచేవాడు. నేను ముందు కాలు పూర్తిగా పైకెత్తి, తర్వాతే బ్రేకు మీద పెట్టాలి. బండి అనుకోకుండా దూకితే ఇంకా నొక్కడం కాదు, నొక్కిన కాలు ఎత్తడం. రీజెన్ ఉన్న బండిలో కాలు ఎత్తడంతోనే సగం ఆగుతుంది. బ్రేకు నిజంగా గట్టిగా తొక్కితే మోటారు లాగుతున్నా బండి నిలబడుతుంది. ముప్పై నలభై సార్లు చేశాక గానీ కాలికి పట్టలేదు. పార్కింగ్‌లో ఇప్పుడు నా కాలు ఉండే చోటు బ్రేకు, అవసరమైనప్పుడే కుడికి తిప్పుతాను. ఒకే రోజు గేర్ల కారూ ఈవీ మార్చి మార్చి నడపడం కూడా మానేశాను.

ఇక మీ నాన్నగారి విషయం. వీడియోలో లైట్లు వెలగలేదని తేలితే దాన్ని అందరి ముందూ పెట్టి చూపించకండి. మా మేనల్లుడు నన్ను ఒక్కణ్ణే కూర్చోబెట్టి చూపించాడు, పక్కన మా అక్క కూడా లేదు. ఆ మర్యాద వల్లే నేను మళ్లీ స్టీరింగ్ పట్టుకున్నాను. “మీరు బ్రేకే అనుకున్నారు నాన్నా, నాకు తెలుసు” అని మొదలుపెట్టండి.

మీ కారు ఏ మోడలో, బ్రేకు వదిలితే దానంతటదే మెల్లగా కదులుతుందో లేదో రాయండి. రీజెన్ ఎంతలో పెట్టుకుని మొదలుపెట్టాలో దాన్ని బట్టి చెబుతాను.