బ్యాండ్ సా యంత్రానికి కంచెనా, ఆనుడుబద్దా?

సందేహం: ఉద్యోగ విరమణ తరువాత వడ్రంగం నేర్చుకుంటున్నాను. ఈమధ్య కొన్న చిన్న బ్యాండ్ సా, అంటే పట్టీలాంటి రంపం తిరిగే కోత యంత్రానికి, చెక్కను ఆనించి తోసే ఫెన్సు అనే భాగం లేకపోవడంతో దాన్ని ఇంట్లోనే చేసుకుని, ఆ పద్ధతిని మిత్రుల కోసం తెలుగులో రాస్తూ ‘బ్యాండ్ సా కంచెకు సామాగ్రి ఎంపిక’ అని పేరు పెట్టాను. మా మేస్త్రి అది చదివి, ‘కంచె పొలానికి కదండీ’ అన్నాడు. కంచె అనడం తప్పా? సామాగ్రి అనాలా, పదార్ధాలు అనాలా? చెక్క, కర్ర, కలప అనే మాటల్లో దేన్ని వాడాలి?

సమాధానం: మీ మేస్త్రి మాటే సరైనది. ఇంగ్లీషులో ఫెన్స్ అనేది డిఫెన్స్ అన్న మాటకు మొదటి అక్షరాలు రాలిపోగా మిగిలిన రూపం. కాపుదల అనే అర్థం నుంచి అది అడ్డుకట్టకు, అక్కడినుంచి యంత్రంలోని ఈ భాగానికి పేరయింది. ఆ భాషలో అర్థం అలా సాగింది గాని, మన కంచె అలా సాగలేదు. చేలో పశువు పడకుండా ఆపేదే మనకు కంచె. బ్యాండ్ సా బల్లమీద నిలిపే ఈ భాగం దేన్నీ ఆపదు. చెక్క అంచును దానికి ఆనించి ముందుకు తోస్తే, కోసిన ముక్క మొదటినుంచి చివరిదాకా ఒకే మందాన వచ్చేట్లు చూస్తుంది. ఇక్కడ జరిగే పని ఆనడం కాబట్టి పేరు కూడా ఆ క్రియనుంచే పుట్టడం న్యాయం.

జారుడుబల్ల, దిగుడుబావి, తోపుడుబండి, దంపుడుబియ్యం అన్నట్లే ఆను ధాతువునుంచి ఆనుడుబద్ద అనవచ్చు. బద్ద అంటే మొదట చీల్చగా వచ్చినది. వెదురుబద్దలోనూ కందిబద్దలోనూ ఆ అర్థం ఇప్పటికీ కనిపిస్తుంది. అయితే రాగితో చేసినా నాలుకబద్ద నాలుకబద్దే, ప్లాస్టిక్‌తో చేసినా కొలబద్ద కొలబద్దే. సన్నగా, నిడివిగా ఉండి ఒక పనికి వచ్చే వస్తువు దేనితో చేసినా బద్ద అనిపించుకుంటున్నది గనుక, మీరు ఈ భాగాన్ని టేకుతో చేసినా ఇనుముతో చేసినా ఆనుడుబద్ద అన్న పేరు చెల్లుతుంది. ఇది నేను సూచిస్తున్న కొత్త మాట కాబట్టి, తొలిసారి రాసేటప్పుడు పక్కనే ఫెన్సు అని కూడా రాయండి. మేస్త్రికి తెలియని మాటను ఆయన పనిముట్టుకు తగిలించి ఊరుకోవడం మర్యాద కాదు. బ్యాండ్ సా అన్న పేరును మాత్రం అలాగే ఉంచండి. సామిల్లులోనూ, తెలంగాణలోని కట్టెకోత మిషన్ దగ్గరా అందరికీ తెలిసిన పేరును మార్చవలసిన అవసరం లేదు.

సామాగ్రి తప్పు, సామగ్రి ఒప్పు. సమగ్ర శబ్దంనుంచి పుట్టిన ఈ మాటలో మొదటి అచ్చుకే దీర్ఘం వస్తుంది. సమర్థనుంచి సామర్థ్యం వచ్చిందే గాని సామార్థ్యం రాలేదు కదా! అచ్చులో నిత్యం కనిపిస్తున్నందువల్ల ఈ తప్పు ఒప్పైపోతుందేమోనని నాకు నిజంగా బెంగగా ఉంటుంది. పదార్ధం కూడా తప్పే. అది పద, అర్థ శబ్దాల కలయిక గనుక థకారంతో పదార్థం అని రాయాలి. ధకారం రాస్తే సగం అనే అర్థం వచ్చే అర్ధం అవుతుంది. ఇక సామగ్రికీ పదార్థానికీ తేడా ఉంది. బోల్టులు, బిగింపులు, జిగురుతో సహా పనికి కావలసినవన్నీ కలిసి సామగ్రి. ఆ బద్ద దేనితో తయారైందో అది పదార్థం. మీరు అడగదలచినది రెండోదే అయినా, పదార్థం అనగానే మనవారికి ముందు తినేవి గుర్తుకు వస్తాయి. అందుచేత నామవాచకాలను పేర్చకుండా ‘ఆనుడుబద్దను దేనితో చేసుకోవాలి?’ అని క్రియతో అడగండి. అక్కడ ‘దేనిచేత’ అనవద్దు. వాడుకలో చేత పని చేసేవారికి, తో పనికి వాడేదానికి. వడ్రంగిచేత చేయిస్తాం, అల్యూమినియంతో చేయిస్తాం.

కలప, కర్ర, కొయ్య, చెక్క అనే మాటలను ఒకదానికి బదులు మరొకటిగా రాస్తే చదివేవారు దుకాణంలో ఇబ్బంది పడతారు. కలప అనేది అడితిలో ఉండే సరుకు మొత్తానికి పేరు. కర్ర అంటే చేతికర్రే కాదు, కోస్తాలో చెట్టు జాతిని చెప్పేటప్పుడు టేకు కర్ర, మద్ది కర్ర అంటారు. ఏటికొప్పాక బొమ్మలకు వాడేది అంకుడు కర్ర. తెలంగాణలో కట్టె అన్న మాట ఎక్కువ. కొయ్య ఎక్కువగా కొయ్యబొమ్మ వంటి సమాసాల్లో నిలిచింది. చెక్క అంటే కోసి పలకగా చేసినది. కాబట్టి ‘టేకు కర్రతో చేసిన చెక్క’ అనడంలో పునరుక్తి లేదు. మీ ఆనుడుబద్ద విషయంలో ఈ తేడాకు ప్రాణముంది. కోసిన చెక్క వానాకాలంలో తేమ పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, సరిగా ఆరని కర్రదైతే మెలితిరుగుతుంది. ప్లైవుడ్‌లో పొరల ఈనెలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి గనుక అది అంతగా కదలదు. కర్ర పీచును జిగురుతో అదిమి చేసే ఎండీఎఫ్ పలక చదునుగానే ఉన్నా నీరు తగిలితే ఉబ్బిపోతుంది. అందుచేత ‘చెక్కతో చేయండి’ అని వదిలేయకుండా ‘బాగా ఆరిన టేకు చెక్క’ అనో ‘ప్లైవుడ్’ అనో స్పష్టంగా రాయండి.

లోహాల దగ్గర ఇనుము పట్టీ అనకుండా ఇనుప పట్టీ అనండి. రంపానికి పళ్లు అన్నప్పుడు రంపపు పళ్లు అయినట్లే అల్యూమినియపు బద్ద అని రాయడానికి వ్యాకరణం ఒప్పుకున్నా చెవి ఒప్పుకోదు. అల్యూమినియం బద్ద చాలు. ఇనుప యాంగిల్‌ను సూచించేట్లయితే, దాని మూల ప్రతిసారీ కచ్చితంగా 90 డిగ్రీలు ఉండదు గనుక ‘మూలమట్టం పెట్టి చూసి కొనండి’ అన్న వాక్యం చేర్చండి. మూలమట్టం అనేది మన వడ్రంగులు వాడే చక్కని మాట.

మీ వ్యాసంలో ఒక వాక్యం ‘బద్ద రంపానికి సమాంతరంగా ఉండాలి’ అని ఉంటే దాన్ని కూడా సవరించండి. బ్యాండ్ సా రంపం కొన్నిసార్లు కోతలో ఒక పక్కకు లాగుతుంది. అప్పుడు బద్దను కొద్దిగా తిప్పి బిగించుకోవలసి వస్తుంది. కాబట్టి ‘కోత సాగే దారికి సమాంతరంగా’ అన్నదే సరైన మాట.