వెర్షన్ ఇంకా 8.9 అనే చూపిస్తోంది, ప్యాచ్ అయినట్టా కానట్టా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. ఆఫీసులో ఉబుంటు 22.04 (లినక్స్‌లో ఒక రకం) సర్వర్ ఒకటి ఉంది. ఆడిట్ రిపోర్టులో దాని పేరు పక్కన సీవీఈ-2024-6387 అని ఎర్రగా వచ్చింది (ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో, అంటే దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే ప్రోగ్రాంలో, బయటపడ్డ ఒక భద్రతా లోపం నంబరు అది), "ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 9.8కి అప్‌గ్రేడ్ చేయండి" అని రాశారు. మీరు ఆప్ట్ అప్‌గ్రేడ్ (ప్యాకేజీలని కొత్తవి చేసే కమాండు) కొట్టారు, అయినా 8.9 దగ్గరే ఆగిపోయింది. సోర్స్ కోడ్ తెచ్చి 9.8ని మనమే కంపైల్ చేసుకోవాలా (ప్రోగ్రాంగా తయారుచేసుకోవాలా) అంటున్నారు.

వద్దండీ. ఆ పని నేనొకసారి చేసి చేతులు కాల్చుకున్నాను, ఆ కథ కింద చెప్తాను. మీ జవాబు చాలావరకు ఇప్పటికే మీ స్క్రీన్ మీదే ఉంది.

ఎస్‌ఎస్‌హెచ్ కమాండుకి పెద్ద వీ ఆప్షన్ ఇచ్చినప్పుడు వచ్చే లైను పూర్తిగా చదవండి. 8.9పీ1 దగ్గర ఆపకండి, దాని వెనకాల ఉబుంటు-3ఉబుంటు0.10 లాంటి ఇంకో ముక్క ఉంటుంది. అసలు సంగతి ఆ తోకలోనే ఉంది. 22.04లో ఈ లోపానికి మందు 8.9పీ1-3ఉబుంటు0.10 ప్యాకేజీలో వచ్చింది, 2024 జూలై 1న. మీది 0.10 గానీ ఆ పైన గానీ అయితే ప్యాకేజీ వరకు మీరు గట్టెక్కినట్టే. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. 0.10 కన్నా 0.7 పెద్దది అనుకుంటారు, బళ్ళో దశాంశాలు నేర్చుకున్నాం కాబట్టి. ఇవి దశాంశాలు కావు. చుక్క తర్వాత ఉన్నది విడి అంకె, ఏడు తర్వాత ఎనిమిది, తొమ్మిది, పది. నమ్మకం కుదరకపోతే డీపీకేజీ (ప్యాకేజీలు చూసుకునే టూల్) కమాండుకి కంపేర్-వెర్షన్స్ అనే ఆప్షన్ ఉంది, ఏది పెద్దదో దాన్నే అడగండి.

అదే లైన్లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ లైబ్రరీ) 3.0.2, 15 మార్చ్ 2022 అని కూడా ఉంటుంది. దాన్ని చూసి "రెండేళ్ళ పాత లైబ్రరీ పెట్టుకున్నారేంటి" అన్న ఆడిటర్ నాకు తగిలాడు. అది 3.0.2 మొదట విడుదలైన తేదీ. తర్వాత ఎన్ని ప్యాచ్‌లు పడినా అది మారదు.

ఇంకోటి, ఆ కమాండు చూపించేది క్లయింట్ వెర్షన్. మీకు కావలసింది సర్వర్ ప్యాకేజీ. ఆప్ట్-క్యాష్ పాలసీ కమాండుకి ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్-సర్వర్ పేరిచ్చి చూడండి, ఇన్‌స్టాల్డ్, క్యాండిడేట్ అని రెండు లైన్లు వస్తాయి. రెండూ ఒకటే అయితే బాగున్నట్టు. కానీ మీ కంపెనీలో లోపల సొంత మిర్రర్ (ప్యాకేజీల నకలు ఉంచే సర్వర్) పెట్టుకుని ఉంటే ఆ మాట నమ్మకండి. మిర్రర్ సింక్ ఆగిపోయి మూడు నెలలయితే రెండు లైన్లూ ఒకటే చూపిస్తాయి, రెండూ పాతవే. మా దగ్గర అలాగే జరిగింది. డిస్క్ నిండి సింక్ ఆగిపోయింది, సర్వర్లన్నీ "అప్‌డేట్ చేయడానికి ఏమీ లేదు" అంటూ నవ్వుతూ కూర్చున్నాయి. ఎవరైనా ప్యాకేజీని హోల్డ్‌లో పెట్టి (అప్‌గ్రేడ్ కాకుండా ఆపి) మర్చిపోయారేమో కూడా చూడండి, ఆప్ట్-మార్క్ షోహోల్డ్ చెప్తుంది.

ఇంతకీ 9.8 ఎందుకు రాలేదు? ఉబుంటు, డెబియన్, రెడ్‌హ్యాట్ వాళ్ళు ఒక విడుదలలో మొదట ఏ వెర్షన్ పెట్టారో మామూలుగా అదే ఉంచుతారు. పై నుంచి, అంటే అసలు ప్రోగ్రాం రాసేవాళ్ళ దగ్గర్నుంచి, దిద్దుబాటు ఒక్కటే కత్తిరించి తెచ్చి తమ పాత వెర్షన్‌కి అతుకు వేస్తారు. బ్యాక్‌పోర్ట్ అంటే అదే. ముందున్న నంబరు మారదు, తోక మారుతుంది. బయట నుంచి పోర్టు 22 తట్టి బ్యానర్ (సర్వర్ తనంతట తను చెప్పే వెర్షన్ లైను) చదివే స్కానర్‌కి ఈ గొడవంతా పట్టదు, 8.9 అంటే 9.8 కన్నా తక్కువ, అంతే. ఉబుంటు నయం, బ్యానర్‌లో తోక కూడా చూపిస్తుంది. రెడ్‌హ్యాట్ 9 అయితే ఈ లోపం వచ్చినప్పుడు ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్ 8.7 అని చెప్పి ఊరుకునేది. అక్కడ ఆర్‌పీఎం కమాండుతో ఆ ప్యాకేజీ ఛేంజ్‌లాగ్ (మార్పుల చిట్టా) తీసి, అందులో సీవీఈ నంబరుని గ్రెప్ చేయడమే (వెతకడమే) సులువైన దారి. ఉబుంటు, డెబియన్‌లో అదే సమాచారం యూఎస్ఆర్ కింద షేర్, దాని కింద డాక్ ఫోల్డర్లో ప్యాకేజీ పేరుతో ఉండే జీజిప్ ఫైల్లో దొరుకుతుంది. జీగ్రెప్‌తో వెతకండి. 6387 అనే అంకె కనిపించిందంటే దిద్దుబాటు ఆ ప్యాకేజీలో ఉంది. ఉబుంటులో ప్రో ఫిక్స్ అని సీవీఈ నంబరిస్తే అది కూడా చెప్తుంది, డ్రై-రన్ ఆప్షన్ పెడితే ఏమీ మార్చకుండా చెప్తుంది.

అసలు మన వెర్షన్ ఆ లోపం బారిన పడేదేనా అన్నది కూడా ముందే చూసుకోవాలి. ఈ రెగ్రెషన్ (ఒకసారి బాగుచేసింది మళ్ళీ పాడవడం) భలే తమాషా అయినది. 2006లో మూసేసిన పాత కన్నం 2020లో ఒక కోడ్ మార్పుతో మళ్ళీ తెరుచుకుంది. అందుకే క్వాలిస్ (దీన్ని కనిపెట్టిన భద్రతా కంపెనీ) వాళ్ళు పేరు మధ్యలో ఎస్‌ఎస్‌హెచ్ ఇరికించి రెగ్రెషన్ అనే పిలిచారు. 8.5పీ1 నుంచి 9.7పీ1 దాకా ఉన్నవే దీని బారిన పడతాయి. అంటే ఉబుంటు 20.04లోని 8.2కీ, డెబియన్ 11లోని 8.4కీ, సెంట్‌ఓఎస్ 7లోని 7.4కీ ఈ జబ్బు లేదు. ఈ లోపం బయటపడడానికి సరిగ్గా ముందురోజు, 2024 జూన్ 30న, సెంట్‌ఓఎస్ 7కి ఆయుష్షు తీరిపోయింది. పోయిన మనిషికి ఈ ఒక్క రోగం లేదని తేలిందన్నమాట.

అలాగని బయట ప్రకటించిన వెర్షన్ల హద్దుని కళ్ళు మూసుకుని నమ్మడానికీ లేదు. 2022లో డర్టీ పైప్ (కెర్నెల్‌లో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో, దొరికిన ఒక లోపం) వచ్చినప్పుడు కెర్నెల్ 5.8 నుంచి అన్నారు. మాది రెడ్‌హ్యాట్ 8, కెర్నెల్ 4.18, మనకేం కాదని నేను రెండు రోజులు హాయిగా పడుకున్నాను. వాళ్ళు పైనుంచి ఫీచర్లు వెనక్కి తెచ్చినప్పుడు లోపం కూడా కొంత వెంట వచ్చిందట, రెడ్‌హ్యాట్ 8 కూడా ప్రభావితమేనని వాళ్ళ బులెటిన్‌లో చదివాక లేచి కూర్చున్నాను. మీ డిస్ట్రో (ఉబుంటు, రెడ్‌హ్యాట్ లాంటి లినక్స్ రకం) వాళ్ళు ఆ సీవీఈకి పెట్టిన పేజీలో ఏముందో అదే ప్రమాణం.

ఇక కంపైల్ కథ. 2019లో ఒక క్లయింట్ దగ్గర సెంట్‌ఓఎస్ 7 సర్వర్. "ఎస్‌ఎస్‌హెచ్ పాతది" అని ఆడిట్‌లో వచ్చింది, నేను హుషారుగా 8.0 టార్‌బాల్ (సోర్స్ కోడ్ మూట) దించి, కంపైల్ చేసి, పాత దాని మీదే ఇన్‌స్టాల్ చేశాను. రీస్టార్ట్ చేస్తే మొదట హోస్ట్ కీ ఫైళ్ళ పర్మిషన్లు బాగోలేవని అలిగింది. సెంట్‌ఓఎస్‌లో అవి 640, అక్కడి ప్యాకేజీకి అది ఒప్పుకునేలా ప్యాచ్ ఉంది, అసలు సోర్స్‌కి లేదు. 600 చేశాను. మళ్ళీ రీస్టార్ట్ అంటే ప్రాంప్ట్ తిరిగి రాదు. సిస్టమ్‌డీ (సర్వీసులని లేపే ప్రోగ్రాం) "నేను లేచాను" అనే కబురు కోసం చూస్తోంది, ఆ కబురు పంపే కోడ్ కూడా డిస్ట్రో వాళ్ళు అతికించిందే, నా 8.0లో లేదు. తొంభై సెకన్లు చూసి దాన్ని చంపేసి, కాసేపాగి మళ్ళీ లేపుతోంది. నేను కంట్రోల్-సీ కొట్టి, ఏదో అయిందిలే అని టెర్మినల్ మూసేశాను. ఆ రోజు చేసిన వెధవ పని అదీ. మళ్ళీ లాగిన్ అవబోతే పాస్‌వర్డ్ తీసుకోదు. పామ్ (లాగిన్ సరిచూసే భాగం) సపోర్ట్ లేకుండా కంపైల్ చేశాను, మా అకౌంట్లన్నీ ఎల్‌డాప్‌లో (వేరే చోట ఉన్న ఉమ్మడి అకౌంట్ల జాబితాలో) ఉన్నాయి. రూట్ లాగిన్ ఎటూ ఆపేశాం. రాత్రి పదకొండింటికి ఆటో మాట్లాడుకుని డేటా సెంటర్‌కి పోయి, చలిలో నిలబడి, కన్సోల్‌కి కీబోర్డు తగిలించి పాత ప్యాకేజీ రీఇన్‌స్టాల్ చేసి వచ్చాను. అప్పటికి అర్థమైంది, ప్యాకేజీ అంటే ఒట్టి వెర్షన్ నంబర్ కాదు, దాని చుట్టూ డజన్ల కొద్దీ అతుకులుంటాయని. పైగా కంపైల్ చేసుకున్నదానికి రేపు ఇంకో లోపం వస్తే ఆప్ట్ పట్టించుకోదు, అది మీ సొంత బిడ్డ.

అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆడిటర్లు కూడా అడగనిది, ఇప్పుడు చెప్తాను. ప్యాకేజీ కొత్తదే. కానీ మెమరీలో నడుస్తున్నది కొత్తదేనా?

నేను దీన్ని హార్ట్‌బ్లీడ్ (ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో మెమరీలోది బయటికి కారే లోపం) అప్పుడు నేర్చుకున్నాను. 2014 ఏప్రిల్. సెంట్‌ఓఎస్ 6 మీద అపాచీ. ఆ రాత్రే యమ్ (సెంట్‌ఓఎస్‌లో ఆప్ట్ లాంటిది) అప్‌డేట్ కొట్టాను. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అప్పుడు కూడా 1.0.1ఈ అనే చూపించింది, తోక మాత్రం మారింది. ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ కనిపించింది. పని అయిపోయిందని మెయిల్ పెట్టి పడుకున్నాను. పొద్దున్న ఎవరో టెస్టర్ నడిపితే మా సైటు ఇంకా కారుతూనే ఉంది. కారణం చిన్నదే. అపాచీ స్టార్ట్ అయి నెల దాటింది, అప్పుడు ఎక్కించుకున్న పాత లైబ్రరీనే పట్టుకుని నడుస్తోంది. డిస్క్ మీద ఫైలు మారినా, నడుస్తున్న ప్రాసెస్ తను తెరుచుకున్న పాతదాన్ని వదలదు. ప్రాక్ ఫోల్డర్లో ఆ ప్రాసెస్ నంబర్ కింద మ్యాప్స్ అనే ఫైల్ తెరిస్తే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ ఉన్న లైన్ చివర డిలీటెడ్ అని ఉంది. ఆ ఒక్క మాట చూడగానే ఒళ్ళు చల్లబడింది. రీస్టార్ట్ చేశాం, రీలోడ్ చాలదు. తర్వాత సర్టిఫికెట్ కీలు కూడా మార్చాం, రాత్రంతా కారింది కదా.

మీ విషయంలో ఉబుంటు ప్యాకేజీ ఎస్‌ఎస్‌హెచ్ సర్వీసుని తనే రీస్టార్ట్ చేస్తుంది, మామూలుగా ఇబ్బంది ఉండదు. అయినా చూసుకోండి. సిస్టమ్‌సీటీఎల్ స్టేటస్‌లో ఎప్పటి నుంచి నడుస్తోందో టైమ్ ఉంటుంది. వార్ లాగ్ కింద ఆప్ట్ ఫోల్డర్లోని హిస్టరీ లాగ్‌లో అప్‌గ్రేడ్ ఎప్పుడు జరిగిందో ఉంటుంది. సర్వీస్ టైమ్ దాని తర్వాతది అయి ఉండాలి. మిగతా వాటికి ఉబుంటులో నీడ్‌రీస్టార్ట్, రెడ్‌హ్యాట్ వైపు నీడ్స్-రీస్టార్టింగ్ అనే టూల్స్ ఉన్నాయి, పాత లైబ్రరీ పట్టుకు వేలాడుతున్న ప్రాసెస్‌లన్నీ చూపిస్తాయి.

కెర్నెల్ లోపమైతే రీస్టార్ట్ కాదు, రీబూట్ కావాలి. యూనేమ్‌కి ఆర్ ఆప్షన్ ఇస్తే వచ్చేది ఇప్పుడు నడుస్తున్న కెర్నెల్, ఇన్‌స్టాల్ అయినది కాదు. మా పాత టీమ్‌లో ఒకాయనకి సర్వర్ 400 రోజుల నుంచి ఆగలేదని గొప్ప. ఏడాదికి పైగా ఒక్క కెర్నెల్ ప్యాచ్ కూడా ఎక్కలేదని దాని అర్థం. లైవ్‌ప్యాచ్ (నడుస్తున్న కెర్నెల్‌కే అతుకు వేసే పద్ధతి) ఉంటే లెక్క వేరు, యూనేమ్ మారకుండానే దిద్దుబాటు పడుతుంది, దాని స్టేటస్ విడిగా చూడాలి. రీబూట్ చేశాక కూడా యూనేమ్ మళ్ళీ చూడండి. బూట్ పార్టిషన్ నిండిపోయి కొత్త కెర్నెల్ సగంలో ఆగిపోవడం, గ్రబ్‌లో (బూట్ మెనూలో) పాతదే డిఫాల్ట్‌గా ఉండిపోవడం, రెండూ చూశాను. డాకర్ కంటైనర్లుంటే కెర్నెల్ హోస్ట్‌దే కానీ లోపలి ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ఇమేజ్‌ది. హోస్ట్‌లో ఎంత అప్‌గ్రేడ్ కొట్టినా దానికి అందదు, ఇమేజ్ మళ్ళీ బిల్డ్ చేయాల్సిందే.

సెంట్‌ఓఎస్ 7 సర్వర్లు ఇంకా ఎవరి దగ్గరైనా ఉంటే ఒక హెచ్చరిక. యమ్‌కి సెక్యూరిటీ ఆప్షన్ పెట్టి చూస్తే "అవసరమైనవి ఏమీ లేవు" అంటుంది. సెంట్‌ఓఎస్ రిపోలలో ఆ సెక్యూరిటీ సమాచారమే పెట్టేవాళ్ళు కాదు. అందుకే ఆ జవాబు, అంతే గానీ సర్వర్ బాగుందని కాదు.

గిట్‌హబ్‌లో దొరికే ఎక్స్‌ప్లాయిట్ (ఆ లోపం మీద దాడి చేసే స్క్రిప్టు) తెచ్చి నడిపి చూద్దామని మాత్రం అనుకోకండి. ఈ లోపం టైమింగ్ మీద ఆధారపడింది. క్వాలిస్ వాళ్ళకే 32-బిట్ మీద సగటున పది వేల ప్రయత్నాలు, గంటల కొద్దీ సమయం పట్టింది. మీ ప్రయత్నం ఫలించలేదంటే ప్యాచ్ అయినట్టు రుజువేమీ కాదు. ఆ స్క్రిప్టుల్లో ఏముందో ఎవరికి తెలుసు. లాగిన్‌గ్రేస్‌టైమ్ (లాగిన్ అవడానికి ఇచ్చే గడువు) సున్నా పెట్టమని కూడా ఎవరో చెప్తారు. ప్యాచ్ దొరకనప్పుడు తాత్కాలికంగా సరే కానీ, కనెక్షన్లన్నీ నింపేసి సర్వీసుని కదలకుండా చేసే దారి తెరుచుకుంటుంది. మీకు ప్యాచ్ ఉంది కాబట్టి అవసరం లేదు, ఇప్పటికే పెట్టి ఉంటే తీసేయండి.

ఆడిటర్‌కి 9.8 అక్కర్లేదు, రుజువు కావాలి. సర్వర్ ప్యాకేజీ వెర్షన్, ఛేంజ్‌లాగ్‌లో సీవీఈ ఉన్న లైను, సర్వీస్ రీస్టార్ట్ అయిన టైమ్, ఈ మూడూ ఒక స్క్రీన్‌షాట్‌లో పెట్టండి. పక్కన ఉబుంటు వాళ్ళ నోటీస్ నంబర్ యూఎస్‌ఎన్-6859-1 రాయండి. ఈసారి బయట నుంచి కాకుండా లాగిన్ ఇచ్చి లోపల నుంచి స్కాన్ చేయమనండి, ఆ ఎర్ర లైను దానంతట అదే పోతుంది. నా అనుభవంలో పదిలో తొమ్మిది మంది ఇక్కడితో ఒప్పుకుంటారు. ఆ పదోవాడికి వాళ్ళ మేనేజర్‌ని సీసీలో పెట్టండి.

ముందు ఆ తోకలో ఏముందో, ఎస్‌ఎస్‌హెచ్ సర్వీస్ ఎప్పటి నుంచి నడుస్తోందో చెప్పండి. ఏదైనా రీస్టార్ట్ చేయాల్సి వస్తే ఇంకో విండోలో లాగిన్ అయ్యి ఉంచుకోండి, కొత్తగా లాగిన్ అవ్వగలిగేదాకా దాన్ని మూయకండి.