ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా అంటున్నారు!

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. మా అమ్మాయి పదో తరగతి పాసయింది. పాలిసెట్‌లో మంచి ర్యాంకే వచ్చింది. వెబ్ ఆప్షన్లలో ట్రిపుల్ ఈ (ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్స్) మొదట పెడతానంటోంది. ఇంట్లో ఫ్యాను తిరక్కపోతే కండెన్సర్ తనే మార్చేస్తుంది. మా బావగారేమో ‘ఆడపిల్ల స్తంభాలెక్కుతుందా? కంప్యూటర్స్‌లో చేర్చండి, ఏసీ గదిలో కూర్చుంటుంది’ అంటున్నారు. మావారు ఎటూ తేల్చరు. నాకు ఒకటే టెన్షన్. ఏం చేయమంటారు?
- ఒక తల్లి

జవాబు: ముందు ఆ స్తంభం సంగతి తేల్చేద్దామమ్మా. విద్యుత్ శాఖలో 33 ఏళ్లు చేసి డివిజనల్ ఇంజినీరుగా రిటైరయ్యాను. ఒక్కసారి కూడా స్తంభం ఎక్కలేదు. ఎక్కినవాడు క్షేమంగా దిగేలా చూడటం నా పని. అయినా అదీ మగవాళ్ల గుత్తసొత్తేం కాదు. తెలంగాణలో జూనియర్ లైన్‌మన్ పోస్టుల కోసం ఆడపిల్లలు హైకోర్టు దాకా వెళ్లాల్సొచ్చింది. బబ్బూరి శిరీష అలా పరీక్షలో స్తంభం ఎక్కి చూపించి, 2022లో ఉద్యోగంలో చేరింది.

నేను చేరింది 1986లో. టేబులూ బిల్లుల ఫైళ్లూ ఇచ్చి కూర్చోబెట్టారు. సబ్‌స్టేషన్‌కి మాత్రం పంపరు. ఎందుకో ఒక్కరూ చెప్పరు. నెల తర్వాత అటెండరు గొంతు తగ్గించి ‘అక్కడ బాత్రూం లేదండీ’ అన్నాడు. ఇంతా చేసి అదీ కారణం! సబ్‌స్టేషన్ ఎదురింటి మామ్మగారిని అడిగాను. రెండేళ్లు ఆవిడ పెరడే నాకు దిక్కయింది.

పని నేర్పింది ఓ ముసలి లైన్ ఇన్‌స్పెక్టరు. ట్రాన్స్‌ఫార్మర్ పక్కన బ్రీదర్ అని చిన్న గాజు బుడ్డి ఉంటుంది, లోపల నీలం గుళికలు. చెమ్మ పీల్చేకొద్దీ గులాబీరంగుకి తిరుగుతాయి. ‘ఆయిల్లోకి చెమ్మ పోతే కొంప మునుగుతుంది అమ్మాయిగారూ, రాగానే ముందు దీని మొహం చూడండి’ అనేవాడు. ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించి లైన్ మీద పని చేసేందుకు ఇచ్చే అనుమతి) తీసుకున్నవాడు దాన్ని తిరిగిచ్చేదాకా, ఎవరు చెప్పినా లైన్‌లోకి కరెంటు వదలొద్దన్నదీ ఆయనే. ఓ గాలివాన రాత్రి ఊరి పెద్దమనిషి ఒకాయన ఇంట్లో పెళ్లని ఫోన్లో అరిచాడు. లైన్ మీద మనిషున్నాడు, నేను వేయలేదు. మర్నాడు ఆ లైన్‌మన్ భార్య ఒడి నిండా జామకాయలు తెచ్చింది.

మీవారికి ఎ. లలిత గారి గురించి చెప్పండి. మద్రాసులో పుట్టిన తెలుగావిడ. 18 ఏళ్లకే భర్త పోయాడు, చంకలో నాలుగు నెలల పాప. తండ్రి పప్పు సుబ్బారావు గారు గిండీ ఇంజినీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. 1940లో కూతుర్ని అక్కడే ఎలక్ట్రికల్‌లో చేర్పించారు. పట్టాలో అచ్చయి ఉన్న ‘అతడు’ కొట్టేసి ‘ఆమె’ అని రాయాల్సొచ్చింది. తర్వాత ఆవిడ భాక్రా నంగల్ ప్రాజెక్టు విద్యుత్ పనుల్లో పాలుపంచుకున్నారు. నాకు మాత్రం ఆ కథలో ముందు తండ్రే కనిపిస్తాడు.

ఇక బావగారితో వాదన మానేసి, మీవారిని వెంటబెట్టుకుని కాలేజీ చూసి రండి. ల్యాబులో మోటార్లు తిరుగుతున్నాయా, దుమ్ము పట్టి ఉన్నాయా? హాస్టల్ బాత్రూంలో నీళ్లొస్తున్నాయా? సాయంత్రం చివరి బస్సెప్పుడు? నేను పడ్డ ఇబ్బందులన్నీ ఇలాంటివే. కాకినాడ, గుంటూరుల్లో ప్రభుత్వ మహిళా పాలిటెక్నిక్‌లున్నాయి, ట్రిపుల్ ఈ ఉందో లేదో చూసుకోండి. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపైతే ఏఐసీటీఈ ప్రగతి స్కాలర్‌షిప్‌కి అప్లై చేయించండి, వస్తే ఏడాదికి 50,000 రూపాయలు. డిప్లొమా అయ్యాక ఈసెట్ రాస్తే బీటెక్ నేరుగా రెండో ఏడాదిలో చేరొచ్చు. కంట్రోల్ రూముల్లో ఏసీలు కూడా ఉంటాయని బావగారి చెవిన వేయండి.

అన్నట్టు, స్విచ్ కట్టేసినా కండెన్సర్‌లో కరెంటు నిలవుంటుంది. దాని వైర్ల కొసలు వేళ్లతో ముట్టుకోవద్దని అమ్మాయికి చెప్పండి. నాకా దెబ్బ రెండుసార్లు తగిలింది.